ఇల్లు అదే, కాపురాలే వేరు!

బెర్లిన్‌లో నాజీ నేత గోరింగ్ గారు విమాన శాఖ కోసం 1936 నాటికి కట్టించుకున్న భవనమది. రెండువేల పైచిలుకు గదులు! యుద్ధంలో ఊరు బాంబులకు బుగ్గయినా దానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. తర్వాత తూర్పు జర్మనీ కమ్యూనిస్టులు దిగారు. స్తంభాల వసారా గోడకు పింగాణీ పలకల మీద నవ్వుతూ తుళ్లుతూ నడిచే కార్మికుల బొమ్మలు వేయించారు. కొన్నాళ్లకే, 1953 జూన్‌లో, కూలి పెంచకుండా పని పెంచారంటూ అసలు కార్మికులు ఆ గుమ్మం ముందుకే వచ్చిపడ్డారు. బొమ్మలే నయం, నోరెత్తవు! 1961లో ఊరి మధ్య గోడ కట్టే ఉద్దేశం ఎవరికీ లేదని వాళ్ల నాయకుడు ఉల్‌బ్రిక్ట్ సెలవిచ్చిందీ ఈ ఇంట్లోనే. రెండు నెలలు తిరక్కుండా కట్టేశారు. రెండు జర్మనీలూ ఒకటయ్యాక తూర్పు జర్మనీ ఫ్యాక్టరీలను బేరం పెట్టిన సంస్థ కాపురముంది. ఇప్పుడు ఆర్థిక శాఖ. పింగాణీ కార్మికులు మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.