బుడ్డోడి వాళ్ళమ్మ

మాది తూర్పు ముఖం ఫ్లాటు. నిజాంపేటలో కొన్నప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పి బిల్డరు చదరపుటడుగుకు యాభై రూపాయలు ఎక్కువ గుంజాడు. తూర్పు కలిసొస్తుందన్నాడు. పదిహేనేళ్ళయినా ఏం కలిసొచ్చిందో నాకు అంతుబట్టలేదు. ఎదురు ఫ్లాటు అమ్మాయి వచ్చి చెప్పాక తెలిసింది.

“అంకుల్, మీ బాల్కనీ ఒక్క పది నిమిషాలు వాడుకోనా? పొద్దున పూట మీకు లైటింగ్ అదిరిపోతోంది.”

ఒక చంకలో బుడ్డోడు, ఇంకో చంకలో ట్రైపాడ్. రెండిట్లో ఏది పెట్టినచోట నిలబడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పది నిమిషాలన్న మనిషి పదింబావుకు వెళ్ళింది. వెళ్తూ మా ఆవిడ తులసి కోటని రెండడుగులు ఎడమకి జరిపి వెళ్ళింది, ఫ్రేములో అడ్డొస్తోందని.

ఆమెకు పేరుంది. ఎంబీఏ ఉంది. గచ్చిబౌలిలో పదిమందికి టీం లీడుగా చేసిన అనుభవమూ ఉంది. అయినా మా అపార్టుమెంటులో వాచ్‌మన్ నుంచి అసోసియేషన్ ప్రెసిడెంటు దాకా అందరికీ ఆమె బుడ్డోడి వాళ్ళమ్మే. ఇన్‌స్టాలో పెట్టుకున్న పేరూ ఆ అర్థం వచ్చేదే. ఈ రోజుల్లో ప్రతి అపార్టుమెంటుకీ ఒక బోరు, ఒక జనరేటరు, ఒక రీల్స్ అమ్మ తప్పనిసరి. మొదటి రెండూ అప్పుడప్పుడూ ఆగుతాయి.

బుడ్డోడికి పద్నాలుగు నెలలు. వాడి ఖాతా వాడికంటే రెండు నెలలు పెద్దది. పదమూడేళ్ళు నిండనివాళ్ళకు ఇన్‌స్టాలో ఖాతా పనికిరాదు, తల్లో తండ్రో నడుపుతున్నామని రాయాలి. అందుకని ‘నా ఖాతా మా అమ్మ చూసుకుంటుంది’ అని వాడే చెప్పినట్టు రాసింది. వాడికింకా ‘తాత’ తప్ప మరో మాట రాదు.

ఈ పిచ్చి కొత్తదేం కాదుట. డిగ్రీలో ఉండగా టిక్‌టాక్‌లో నలభై వేలమంది వెంట ఉండేవాళ్ళు. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించింది. చిట్టీలవాడు రాత్రికి రాత్రి బోర్డు తిప్పేస్తే ఎలా ఉంటుందో అలా అయిపోయింది ఆ పిల్ల పని. ఆ పూట అన్నం ముట్టలేదుట. పట్టుమని పది రోజులు తిరక్కుండా ఇన్‌స్టావాళ్ళు రీల్స్ దించారు కాబట్టి ఎంబీఏ పరీక్షలు గట్టెక్కింది. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, బుడ్డోడు. కాన్పుకి చట్టప్రకారం 26 వారాల సెలవిచ్చారు. సెలవు అయిపోయింది గానీ ఆ సంగతి బుడ్డోడికి ఎవరూ చెప్పలేదు. వాడు కొంగు వదల్లేదు. క్రెష్‌లో వేస్తే మూడో రోజుకు జ్వరం. నాలుగో రోజున ఆమె రాజీనామా రాసింది, ఐదో రోజున యూట్యూబ్ ఛానెల్ తెరిచింది.

“వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైం ఉంటే యాడ్ డబ్బులొస్తాయి అంకుల్,” అంది, మొక్కు వివరం చెప్పినంత నమ్మకంగా.

నేను మనసులో లెక్క కట్టాను. 280 రోజులు మొయ్యడమంటే 6,720 గంటలు. దానికి పైసా రాలలేదు. యూట్యూబే నయం.

షూటింగు చూడాలంటే మా బాల్కనీలో కూర్చోవాలి. ఆ రోజు అంశం ‘తెల్లారి ఐదింటికి లేచే అమ్మ దినచర్య’. తీసింది ఎనిమిదిన్నరకి. నిద్రలేచే సీను కావాలి. బుడ్డోడు ఆరింటికే లేచి, రెండు ఇడ్లీలు తిని, మా చెప్పుల స్టాండు మొత్తం కింద పరిచి, మంచి హుషారు మీదున్నాడు. వాణ్ణి లేపాలంటే ముందు నిద్రపుచ్చాలి. ముప్పావుగంట జోకొట్టారు. వాడు పడుకోలేదు, వాళ్ళ నాన్న పడుకున్నాడు. ఇతను సాఫ్టువేరు. ఇంటి నుంచే పని, చెవిలో మీటింగు, చేతిలో ఎప్పుడూ ఆ తెల్లటి రింగ్ లైటు. పెళ్ళిలో దివిటీ పట్టుకున్నవాడికైనా భోజనం టైముకి విడుపు ఉంటుంది.

మర్నాటి అంశం ఇంకా పెద్దది: ‘పసిపిల్లలకు ఫోను చూపిస్తున్నారా?’ రెండేళ్ళలోపు పిల్లలకు అసలు తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ మాటే ఈమె చక్కగా అప్పజెప్పింది కూడా. చిక్కల్లా బుడ్డోడు కెమెరా వంక చూడడు. వాడికి కాకి కావాలి, పక్కింటి ఏసీ డబ్బా కావాలి, నా కళ్ళజోడు కావాలి. చివరికి కెమెరా పక్కనే ఇంకో ఫోను పట్టుకుని, అందులో ఏనుగుల పాట పెట్టి, దాన్ని అటూ ఇటూ ఊపితే ఒకే ఒక్క టేకులో ఓకే అయింది. ఊపింది నేనే. అప్పుడు నాకేమీ తప్పనిపించలేదు. పొద్దెక్కితే లైటింగ్ పోతుందన్న కంగారు నాకూ పట్టుకుంది.

అన్నప్రాశన ఇంకో ఘట్టం. పీట ముందు పుస్తకం, కలం, బంగారు గొలుసు, డబ్బు, పూలు, చాకు పెట్టారు. మొదటి టేకులో బుడ్డోడు నేరుగా వెళ్ళి చాకు పట్టుకున్నాడు. అంతా గతుక్కుమన్నారు. ‘సర్జన్ అవుతాడులే’ అని ఎవరో సర్దారు. అదృష్టవశాత్తూ ఫోకస్ పోయిందిట, మళ్ళీ పాకించారు. రెండో టేకులో నోటు నమిలాడు. మూడో దాంట్లో పూలు పీకాడు. నాలుగోసారి పాకనని మొరాయించాడు. ఆరోసారి, అలసిపోయి, పుస్తకం మీద పడి ఏడ్చాడు. ఏడుపు తీసేసి, మంగళవాయిద్యం కలిపి పెట్టారు. మా రోజుల్లో రాతను బ్రహ్మ ఒక్కసారే రాసేవాడు, దిద్దుబాటు ఉండేది కాదు.

భోగిపళ్ళు పోయడం డిసెంబరు రెండోవారంలోనే అయిపోయింది. పండక్కి పెట్టాలంటే ముందే తీసి ఉంచుకోవాలిట. పచ్చి రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, చామంతి రేకులు, రూపాయి నాణేలు వాడి నెత్తిన నాలుగుసార్లు పోశారు. ఏ సారీ నాణేల లెక్క కుదర్లేదు. నాలుగోసారి ఒకటి తగ్గేసరికి అందరూ వాడి నోట్లో వేళ్ళు పెట్టారు. చివరికి అది జుబ్బాలో దొరికింది. అసలు భోగినాడు బుడ్డోడు పాత చొక్కాతో మా గుమ్మంలో కూర్చుని చెప్పులు నాకుతున్నాడు.

ఈ మొత్తం వ్యవహారంలో కాస్త ముందుచూపున్న మనిషి వాళ్ళ అత్తగారు. తెనాలి నుంచి మనవణ్ణి చూసుకోవడానికి వచ్చింది. కోడలి పనిని ఆవిడెప్పుడూ తప్పు పట్టలేదు. ఒక్క సందేహం మాత్రం అడిగింది.

“వ్యూసంటే ఏంట్రా?”

“ఎంతమంది చూశారో ఆ లెక్కమ్మా. మొన్నటిది లక్షా నలభై వేలమంది చూశారు.”

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. వాళ్ళ ఊళ్ళో పిల్లాణ్ణి పక్క వీధికి తీసుకెళ్ళాలంటేనే అరికాలికీ బుగ్గకీ కాటుక చుక్క పెడతారు. అలాంటిది రెండు లక్షల ఎనభై వేల కళ్ళు! పదివేల మందికో ఎండుమిరపకాయ చొప్పున పద్నాలుగు లెక్కపెట్టి, గుప్పెడు ఉప్పుతో కలిపి దిష్టి తీసి, కుంపట్లో వేసింది. మూడో అంతస్తు మొత్తం దగ్గింది. లిఫ్టులో ఉన్న కొరియర్ కుర్రాడు దగ్గాడు. ఆవిడ మాత్రం బుగ్గలు నొక్కుకుని, “చూశావా, ఘాటే రాలేదు. ఎంత పాడు దిష్టి తగిలిందో!” అంది.

కోడలు దాన్ని వీడియో తీసి పెట్టింది. దానికి మూడు లక్షలు వచ్చాయి. మర్నాడు ఆవిడ ముప్పై మిరపకాయలు లెక్కపెట్టింది. అది చూడలేక నేను మిర్యాలగూడలో మా అక్కగారింటికి వెళ్ళి రెండు రోజులుండి వచ్చాను.

డబ్బు సంగతి అడిగితే ఆమె ముసిముసిగా నవ్వుతుంది. వచ్చేదంతా బార్టరుట. వస్తువు పంపుతారు, రీల్ చెయ్యాలి. మా చిన్నప్పుడు పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు. ఇదీ అదే, కాకపోతే ఇక్కడ చీరతోపాటు పిల్లాణ్ణి కూడా చూపించాలి. డైపర్లు వచ్చాయి, చెక్కబొమ్మలు వచ్చాయి, ఒకసారి ఇరవై నాలుగు వేల రూపాయల తోపుడుబండి వచ్చింది. బండి వెనకాలే ఒక మెయిల్ వచ్చింది. 2022 జులై నుంచి ఇలాంటి కానుకలు ఏడాదిలో ఇరవై వేలు దాటితే పది శాతం పన్ను కోయాలి. డబ్బు ఇచ్చి ఉంటే అందులో కోసుకునేవాళ్ళు. ఇచ్చింది బండి కదా, దానికి చక్రం పీకలేరు. రెండువేల నాలుగొందలు మీరే కట్టండన్నారు. వాళ్ళాయన కట్టాడు. ఆ బండిలో ఇప్పుడు వాటర్ క్యాన్లు ఎక్కించి లిఫ్టు దాకా తోసుకొస్తాడు. బుడ్డోడు ఒక్కసారీ అందులో కూర్చోలేదు.

ఒక్క విషయంలో నా మాట వింది. ముప్పై ఏళ్ళు మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పిల్లల డాక్టర్ల గుమ్మాల్లో బ్యాగు పట్టుకుని కూర్చున్నవాణ్ణి. ఒక కంపెనీ పాలసీసా పంపి, రీల్ చేస్తే పాతికవేలు రొక్కం ఇస్తామంది. వద్దమ్మా అన్నాను. 1992లో చట్టం వచ్చింది. పాలపొడి, పాలసీసా, రెండేళ్ళలోపు పిల్లల డబ్బా తిండి, వీటికి ప్రకటన చెయ్యకూడదు. పాలపొడి డబ్బా మీద పసిపాప బొమ్మ కూడా వెయ్యకూడదు. అంతకుముందు మా సంచుల్లో చంటిపాప బొమ్మలున్న క్యాలెండర్లు ఎన్ని ఉండేవో! ఆ చట్టం రాసినవాళ్ళు డబ్బా మీద పాపని తీసేయించారు గానీ, పాపే డబ్బా పట్టుకుని ఫోన్లో కనబడే రోజొస్తుందని వాళ్ళకేం తెలుసు? ఆమె కాసేపు ఆ సీసా వంక చూసింది. పాతికవేలంటే ఆమెకు చిన్న మొత్తం కాదు, అప్పటికి యూట్యూబ్ లెక్కలో కనబడుతున్నది మొత్తం పదకొండొందలు, అదీ ఇంకా చేతికి రాలేదు. సీసా తిప్పి పంపేసింది. అలా పంపేసినదాని మీద కూడా రీల్ చెయ్యలేదు. చేసుంటే లైకులు దంచేసేవి.

రాత్రి పదకొండింటప్పుడు మంచినీళ్ళకని లేస్తే వాళ్ళ హాల్లో నీలం వెలుతురు కనిపిస్తుంది. వాడు ఒళ్ళో పడి నిద్రపోతుంటాడు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వాడు కదలకుండా ఒంటిచేత్తో వీడియో ముక్కలు కోస్తుంటుంది. ఒకరోజు మా ఆవిడతో అన్నాను, ఇంత చాకిరీ ఎందుకే, పిల్లాణ్ణి పెంచుకోక, అని.

“నేను ముగ్గుర్ని పెంచాను,” అంది ఆవిడ, పెసలు ఏరుతూ. “బాగా పెంచావని ఒక్కళ్ళన్నారా ఈ ఇంట్లో?”

పెసల్లో రాళ్ళేం లేవు. అయినా ఆవిడ చాలాసేపు ఏరింది. ఆ రాత్రే మనవరాలికి వీడియో కాల్ చేసి, ఇన్‌స్టా ఎలా పెట్టుకోవాలో నేర్చుకుంది.

అసలు గొడవ వేరే ఉంది. ‘ఫోను చూపిస్తున్నారా’ వీడియోకి మరో ముక్క తీసేటప్పుడు, ఊపే ఫోను వేరేవాళ్ళ చేతికిచ్చి, మొక్కలకు నీళ్ళు పోద్దామని బుడ్డోడి వెనక నుంచి వెళ్ళాను. అప్పుడు నా ఒంటి మీద లుంగీ, భుజం దగ్గర రూపాయి బిళ్ళంత చిల్లున్న బనియనూ ఉన్నాయి. సరిగ్గా అప్పుడే బుడ్డోడు ఫోను వదిలేసి, వెనక్కి తిరిగి, చిల్లులో వేలు పెట్టి ‘తాత’ అన్నాడు. ఆమె దాన్ని తీసెయ్యలేదు. పిల్లలకు ఫోను ఎందుకు చూపించకూడదో ఎవరూ వినలేదు. కామెంట్లన్నీ ఒకటే: ‘వెనక తాత హైలైట్’, ‘బనియన్ చిల్లు సూపర్’, ‘మా నాన్నకీ సేమ్ బనియన్ ఉంది’. నాలుగు లక్షలు దాటింది. పార్కులో ఒకాయన ఆపి సెల్ఫీ దిగాడు. అమెరికా నుంచి మా పెద్దాడు ఫోను చేసి, నాన్నా పరువు తీస్తున్నావన్నాడు. డజను బనియన్లు ఆర్డరు పెట్టి పంపించాడు.

నేనూ ఊరుకోలేదు. మర్నాటి నుంచి కొత్త బనియను, ఇస్త్రీ లుంగీ, పొద్దున ఏడింటికే గడ్డం. మొక్కలకు రోజుకు మూడుసార్లు నీళ్ళు పోశాను. రెండు గులాబీలు కుళ్ళిపోయాయి. నాలుగు వీడియోల్లో వెనకాల నిలబడ్డాను. ఒక్కదానికీ పదివేలు రాలేదు.

నిన్న ఆమె మొహమాటపడుతూ వచ్చింది. “అంకుల్, ఏమనుకోకండి. తాత క్యారెక్టర్ పెడదామనుకుంటున్నా. కానీ మీరు ఆ చిల్లు బనియనే వేసుకోవాలి. కొత్తదాంట్లో మీరు మీలాగా లేరు.”

“దానికేం భాగ్యం,” అని లోపలికెళ్ళాను. బీరువాలో లేదు, ఉతికిన బట్టల్లో లేదు. వంటింట్లో మా ఆవిడ పొంగుతున్న పాలగిన్నెను దేంతోనో పట్టుకుని దించుతోంది. చూస్తే అదే బనియను. చిల్లు అంతే ఉంది. పక్కన రెండు నూనె మరకలూ, పసుపూ కొత్తగా చేరాయి.

“ఏమేవ్, అదిలా ఇవ్వు,” అన్నాను.

ఆవిడ గిన్నె గట్టు మీద పెట్టి, మసిగుడ్డని నాలుగు మడతలు పెట్టి, నా చేతికి ఇవ్వకుండా పట్టుకుని అడిగింది: “నన్ను కూడా వెనకాల నిలబెడతారా?”