ఎయిట్‌హండ్రెడ్ మాస్టారు

పాత కారున్న పెద్దమనుషులు రెండు రకాలు. దసరాకి అమ్మేద్దామనుకుని సంక్రాంతికి కొత్త టైర్లు వేయించేవాళ్లు మొదటి రకం. "అమ్మేయకూడదా?" అని అడిగిన మనిషితో మాటలు మానేసేవాళ్లు రెండో రకం. బెజవాడలో మా కాలనీ ఎయిట్‌హండ్రెడ్ మాస్టారు రెండో రకంలో పెద్ద తలకాయ. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది. దాంతో మాకెవరికీ ఇంతవరకూ పని పడలేదు.

కారు 2004 నాటి మారుతీ ఎయిట్‌హండ్రెడ్. పదిహేనేళ్లు నిండాక ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకి ఇంకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించారు. ఈ రెండింటి మధ్యలో, 2022 ఏప్రిల్లో, ఆరు వందలున్న ఫీజు అయిదు వేలయి కూర్చుంది. "ఈ బండికి అయిదు వేలా అండీ?" అని ఆయన భార్య, మా పిన్నిగారు నోరు నొక్కుకుంటే, "బండికి కాదే, ఆయుష్షుకి" అన్నారు. "ఇంకా దీన్నే తిప్పుతున్నారా మాస్టారూ" అని ఎవరైనా తెలీక అన్నారో, అక్కడే నిలబెట్టి 1983 డిసెంబరు 14 నుంచి మొదలుపెడతారు. ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలు అందించడం దగ్గర ఎత్తుకుని, 2014 జనవరిలో తయారీ ఆపేయడం దాకా వచ్చి, అక్కడ కాసేపు గొంతు సవరించుకుంటారు. ఈలోగా అడిగినవాడి సంచిలో పాల ప్యాకెట్లు విరిగిపోతాయి.

ఈ మనిషిలో ఇద్దరున్నారు. బానెట్ ఎత్తి లోపలికి చూసే ఆయన ఒకరు, బానెట్ మూసి బండి చుట్టూ తిరిగే ఆయన ఇంకొకరు. ఇద్దరికీ ముఖపరిచయం లేదు.

మొదటాయన శాస్త్రవేత్త. రోహిణి కార్తె ఇంకో వారంలో ఉందనగా, తెల్లవారుజామున, రాత్రంతా ఆరిన ఇంజిను మీద కూలెంట్ మార్చే కార్యక్రమం పెట్టుకుంటారు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పేవాణ్ణి ఆయన మనిషిగా లెక్కించరు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు మూత వదులైన క్షణంలో భగ్గున ముఖాన కొడతాయి కదా! ఆ పూట వాకింగుకి వెళ్లేవాళ్లు వెనక వీధిలోంచి పోతారు. తెలీక ముందు వీధిలో వెళ్లినవాడు టార్చిలైటు పట్టుకోవాలి. పాఠమూ వినాలి.

"ఏమోయ్, రేడియేటర్లో ఏం పోస్తారు?"

"నీళ్లు మాస్టారూ."

"అందుకే దేశం ఇలా ఉంది. ఉత్త నీళ్లు వంద డిగ్రీలకే మరుగుతాయి. ఇథిలీన్ గ్లైకాల్ సగం, నీళ్లు సగం కలిపితే నూట ఏడు దాకా ఆగుతాయి. పైన ఈ స్ప్రింగు మూత బిగించి ఒత్తిడి పెంచామా, నూట ఇరవై దాటినా కిక్కురుమనవు. తుప్పు పట్టకుండా ఇందులో మందు ఉంటుంది. ఆ మందు ఏళ్లు గడిచేకొద్దీ చచ్చిపోతుంది, అందుకే మార్చాలి. ఇంకో సంగతి, మైనస్ ముప్పయ్యేడు డిగ్రీల దాకా గడ్డకట్టదు!"

ఉదయం ఆరింటికే చొక్కా వీపుకి అంటుకుపోయే బెజవాడ మే నెలలో ఆ చివరి భరోసా వినడం ఎంత నిశ్చింతగా ఉంటుందో చెప్పలేం. డిసెంబరులో లంబసింగి కొండెక్కినా ముప్పయ్యేడు డిగ్రీలు చేతిలో మిగిలే ఉంటాయి.

కలిపే నీళ్లు కూడా ఏవి పడితే అవి కాదు. మా బోరు నీళ్లతో కందిపప్పు ఉడకదు, గీజరు కాయిలుకి సున్నం గడ్డలు కడుతుంది. అదే సున్నం రేడియేటర్ సన్నగొట్టాల్లో పేరుకుంటే ఇంజిను గతేమిటని బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటరు క్యాన్లు మోయిస్తారు. ఇంట్లో వాటర్ ఫిల్టరు చెడిపోయి చాలా కాలమైంది. "కారు డిస్టిల్డ్ నీళ్లు తాగుతోంది, నేను కుళాయి నీళ్లు కాచుకు తాగుతున్నాను" అని పిన్నిగారు గేటు దగ్గర ప్రకటిస్తారు. మాస్టారు వినరు. అప్పటికే కారు కింద ఉంటారు.

రేడియేటర్ అడుగున ఉండే ప్లాస్టిక్ మరని ఆయన ముట్టుకోరు. ఇరవయ్యేళ్ల వేడికి పెళుసెక్కిన సరుకు, తిప్పితే విరిగి చేతికొస్తుంది. అందుకని కింది హోస్ పైపు క్లిప్పు వదులు చేసి టబ్బు పెడతారు. పచ్చగా పోసింది తుప్పు రంగులో బయటికొస్తుంటే, విద్యార్థి జవాబుపత్రం దిద్దుతున్నంత బాధగా చూస్తారు.

ఆపైన అసలు తపస్సు. మంచినీళ్లు నింపి, ఇంజిను వేడెక్కేదాకా నడిపి, చల్లార్చి, వంచేయాలి. వచ్చేవి తేటగా కనిపించేదాకా అదే పని. ఆ నీళ్లు హీటరు గొట్టాల్లోనూ తిరగాలి కాబట్టి హీటరు నాబు వేడివైపు చివరంటా తిప్పుతారు. అంతటితో సరిపోతుంది. కానీ ఆయన బ్లోయరు కూడా ఫుల్లుగా పెట్టుకుని, అద్దాలెత్తుకుని లోపల కూర్చుంటారు. "బ్లోయరు ఎందుకు మాస్టారూ?" అంటే, "వేడిగాలి రాకపోతే నీళ్లు తిరుగుతున్నట్టు రుజువేదోయ్?" అంటారు. బెజవాడలో మే నెలలో కారు హీటరు వాడే పౌరుడు ఇంకొకరుంటే చూడాలని మా అందరికీ కోరిక.

చివర్లో కొత్త కూలెంట్ సన్నధారగా పోసి, మూత తెరిచే ఉంచి, ఇంజిను నడుపుతూ పై హోసుని పిసుకుతారు. లోపల చిక్కుకున్న గాలి బుడగలై పైకొస్తుంది. బుడగ బుడగకీ "అదుగో!" అంటారు. పచ్చదీ ఎర్రదీ కలిపితే మందుకీ మందుకీ పడక అడ్డుకట్టలా గడ్డలు పేరుకునే ప్రమాదముందని, డబ్బా రంగు టార్చిలైటు పట్టినవాడిచేత కూడా ధ్రువీకరింపజేస్తారు.

తీసిన పాతది కాలవలో పారబోయరు. అది విషం, పైగా తియ్యగా ఉంటుంది, వీధి కుక్క నాకితే చస్తుంది. ఈ ఒక్క విషయంలో కాలనీ మొత్తం ఆయనకి దణ్ణం పెట్టాలి. సోడా సీసాల్లో నింపి, మూతలు బిగించి, "విషం" అని రాసి, తేదీ వేసి మేడ మీద గదిలో దాస్తారు. మున్సిపాలిటీ చెత్త బండి అమ్మాయికి ఒకసారి ఇవ్వబోతే "తడి చెత్తా, పొడి చెత్తా?" అని అడిగింది. దాని మీద మాస్టారు ఇప్పటికీ ఆలోచిస్తున్నారు. సీసాలు పెరుగుతున్నాయి.

ఇంత నిష్ఠాపరుడు బానెట్ మూసిన మరుక్షణం మాయమవుతాడు. మిగిలేది తిరనాళ్లలో చేతిలో పదిరూపాయలు పడ్డ పిల్లాడు. యాక్సెసరీస్ షాపు కుర్రాడు ఆయన్ని దూరం నుంచి చూసే కూల్‌డ్రింకు తెప్పిస్తాడు. వాడికి పెద్ద కష్టమేమీ లేదు, ఒక్క వాక్యం చాలు: "మీ బండికి ఇదొక్కటే తక్కువ సార్."

ఆ ఒక్కటీ కొన్నాక ఇంకొక్కటి తక్కువవుతుంది. 37 హార్స్‌పవర్ బండికి వెనక స్పాయిలర్ వచ్చింది, గాలికి లేచిపోకుండా. మూడు మీటర్ల ముప్పయిమూడు సెంటీమీటర్ల పొడుగు కారుకి రివర్స్ కెమెరా వచ్చింది. "మెడ తిప్పితే సరిపోయేదానికి తొమ్మిదంగుళాల టీవీయా?" అన్నారు పిన్నిగారు. ఆ టీవీ పట్టడానికి డాష్‌బోర్డు కోశారు. కోసినచోటు కనబడకుండా ఆంజనేయస్వామినీ, కనకదుర్గమ్మనీ, ఒక సెంటు బుడ్డినీ ప్రతిష్ఠించారు. రివర్సు వేస్తే పాట మోగేది వచ్చింది. గ్లాసులకి నల్ల ఫిల్ము మాత్రం 2012లో సుప్రీంకోర్టు వద్దన్న వారంలోనే పీకించారు, చట్టమంటే గౌరవం. ముందు బంపరు గార్డుకి 2017 డిసెంబరులో కేంద్రం అడ్డుపడితే తీసేయబోయారు గానీ, షాపు కుర్రాడు "ఇది గార్డు కాదు సార్, అలంకారం" అన్నాక మనసు కుదుటపడింది.

ఆ అలంకారానికే నాలుగు గుండ్రటి ఫాగ్ లైట్లు వేలాడాయి. బెజవాడలో మంచు పట్టేది చలికాలం పొద్దుటి పూట కొన్నాళ్లే. ఒక్కోటి వంద వాట్లు. పన్నెండు వోల్టుల మీద నాలుగూ కలిపి ముప్పయిమూడు ఆంపియర్లు లాగుతాయని క్లాసులో అయితే ఆయనే చెప్పేవారు. షాపు కుర్రాడు రిలే లేకుండా, రెండు తీగలు మెలేసి నల్ల టేపు చుడుతుంటే, గ్లైకాల్ని బీకరుతో కొలిచిన ఆ చేతులే టేపు అందించాయి. లైట్ల వెనక గ్రిల్లుకి దోమతెరంత సన్నటి క్రోము జాలీ కూడా వచ్చింది.

ఇలాంటి మాస్టారు మీ వీధిలోనూ ఉంటారు. బండి జెన్ కావచ్చు, శాంత్రో కావచ్చు, ఫియట్ అయితే మరీ ముదిరిన కేసు. లోపలికి చూసే ఆయన కట్టినదాన్ని బయట తిరిగే ఆయన కూలుస్తుంటాడు. ఇద్దరి ఖర్చూ ఒకే పెన్షన్లోంచి పోతుంది.

సంగతేమిటంటే, ఇవన్నీ బిగించాక ఈ ఎండాకాలం గన్నవరం దాటేసరికి టెంపరేచరు సూది పైకి పాకడం మొదలెట్టింది. మాస్టారు కూలెంట్ కంపెనీని అనుమానించి మళ్లీ మార్చారు. పాళ్లు అనుమానించి మళ్లీ కలిపారు. రేడియేటర్ మూత కొత్తది వేశారు. మేడ మీద సీసాలకి రెండో అర కట్టించారు. ఆఖరికి ఆటోనగర్‌లో తన పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లారు. మేస్త్రి కుర్రాడొకడు, "థర్మోస్టాట్ పీకి అవతల పారేస్తే చల్లగా ఉంటది సార్" అన్నాడు. మాస్టారు వాణ్ణి నిలబెట్టి, 82 డిగ్రీలకి అది ఎందుకు తెరుచుకోవాలో, చల్లటి ఇంజిను పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతుందో అరగంట చెప్పారు.

మేస్త్రి అంతా విని బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. "లోపల వంక పెట్టడానికేం లేదు మాస్టారూ. రేడియేటర్‌కి గాలాడట్లేదు. ఈ లైట్లూ, జాలీ తీయించండి, తగ్గిపోద్ది."

మాస్టారు గ్రిల్లు వంక చాలాసేపు చూశారు. తోడెళ్లిన మేమంతా ఊపిరి బిగబట్టాం. లోపలాయనా బయటాయనా ఈసారైనా ఒకరినొకరు చూసుకుంటారనుకున్నాం.

"నువ్వన్నదాంట్లో అర్థముంది" అన్నారు తల పంకిస్తూ. "కానీ కొలత లేకుండా మాట్లాడకూడదోయ్. ముందు డిజిటల్ టెంపరేచర్ మీటరు పెట్టించాలి."

ఆ సాయంత్రమే ఆంజనేయస్వామి రెండంగుళాలు జరిగి నీలం అంకెల మీటరుకి చోటిచ్చారు. మర్నాడు హైవే మీద అది 104 చూపించింది. మాస్టారు నోటుబుక్కులో రాసుకుని తిన్నగా షాపుకెళ్లారు.

"ఎక్స్‌ట్రా ఫ్యాను ఒకటి ముందు బిగిద్దాం సార్" అన్నాడు కుర్రాడు.

"చోటేదిరా?"

"లైట్లు నాలుగంగుళాలు ముందుకి జరుపుదాం. దానికి ఇంకాస్త పెద్ద అలంకారం కావాలి."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"క్రోములో ఉందా?"