పక్కింటి 1974

కాల్గరీలో మా పక్కింటాయన రైలు నడుపుతాడు. నౌకరీ చేసింది బీమా కంపెనీలో. రైలు మాత్రం ఇంట్లోనే, బేస్‌మెంట్‌లో, కంప్యూటర్ మీద నడుపుతాడు. పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఎందుకంటే ఆయన ఒక మనిషి కాదు, ఒక తెగ. హాలిఫాక్స్ నుంచి వాంకూవర్ దాకా ఏ ఊళ్ళో వెతికినా ఒకడు దొరుకుతాడు. అరవై దాటిన వయసు, రెండు మానిటర్లు, చల్లారిపోయిన కాఫీ, గోడ మీద రైళ్ళ టైమ్‌టేబుల్. ఆ టైమ్‌టేబుల్ ఈ ఏటిది కాదు. 1974 నాటిది.

కెనడియన్ పసిఫిక్ వాళ్ళ హెడ్డాఫీసు ఈ ఊళ్ళోనే ఉంది. 2023లో కాన్సస్ సిటీ సదరన్‌తో కలిసి పేరు పొడుగు చేసుకున్నారు గానీ బళ్ళు అవే, దారి అదే, ఊరి నడిబొడ్డునుంచే పోతాయి. చూడ్డానికి మాత్రం మావాడు వెళ్ళడు. ఓ రాత్రి ఇద్దరం పెరట్లో ఉండగా దూరంగా కూత వినబడింది. గేటు దగ్గర ఇక్కడి డ్రైవర్లు కూసే పద్ధతే: రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. ఆయన మొహం చిట్లించి, "శ్రుతి తప్పింది" అన్నాడు. పట్టాల మీద పోతున్న నిజం రైలుకి శ్రుతి తప్పింది. బేస్‌మెంట్‌లోది సరిగ్గా ఉంది. డీజిల్ ఇంజను లారీలా బొయ్యిమనకుండా పాత ఆవిరింజనులా కూయాలని బ్రిటిష్ కొలంబియాలో రాబర్ట్ స్వాన్సన్ అనే ఆయన కష్టపడి అయిదారు గొట్టాల హారన్లు తయారుచేశాడు. వాటిలో ఏ గొట్టం ఏ స్వరం పలకాలో మావాడికి కంఠోపాఠం.

ఈ తెగకొక పాత గాయం ఉంది. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు అందులో ఆరు మార్గాలు పెట్టారు. ఇంగ్లండుకొకటి, ఆస్ట్రియాకొకటి, జపానుకి రెండు, అమెరికాకి రెండు. కెనడాకి, బంతిలో కూచోబెట్టి విస్తరి వెయ్యనట్టు, ఏమీ లేదు. అమెరికావాటిలో ఒకటి మొంటానాలోని మరాయస్ కనుమ. ఇంకాస్త ఉత్తరానికి జరిగితే కెనడాయే. "అంతదాకా వచ్చి ఆగిపోయారండీ!" అని ఇప్పటికీ గుండె మీద చెయ్యేసుకుంటాడు. ఇక ఒకళ్ళని అడిగేదేమిటని అప్పట్నుంచి తమ దేశాన్ని తామే కట్టుకుంటున్నారు. రాత్రిళ్ళు, జీతం లేకుండా, కిలోమీటరు కిలోమీటరుగా.

మావాడు కడుతున్నది కికింగ్ హార్స్ కనుమ. అది అసలే కంపెనీ వాళ్ళని ఏడిపించిన చోటు. 1884లో డబ్బు చాలక, తొందర ఆగక, ఫీల్డ్ అనే ఊరి వైపు కొండ మీంచి తిన్నగా పట్టాలు దించేశారు. నూరడుగులు పోతే నాలుగున్నర అడుగుల దిగుడు. రైలుకి అది వాలు కాదు, జారుడుబండ. పాతికేళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాక, 1909లో కొండల కడుపులో మెలికలు తిరిగే రెండు సొరంగాలు తవ్వి ఆ దిగుడు సగానికి సగం తగ్గించారు. పొడుగాటి గూడ్సు దిగుతుంటే, ఇంజను సొరంగంలోంచి బయటపడి తలెత్తేసరికి తన తోక ఇంకా నెత్తిమీద పట్టాల్లో పోతూ కనబడుతుంది. చూడవలసిన వింతే. మావాడు మాత్రం బయటి వింతకంటే లోపలి చీకటి మీద ఎక్కువ కష్టపడ్డాడు. సొరంగం గోడలకి రాతి చారలు, నీటి చెమ్మ, పొగ మసి అన్నీ పెట్టాడు. "లోపల చీకటి కదండీ, ఎవరికి కనబడుతుంది?" అన్నాను. "నాకు తెలుసు కదా" అన్నాడు.

నడపడం కన్నా ఈ తెగకి దృశ్యం ముఖ్యం. పాత ఫోటో ఒకటి పక్కన పెట్టుకుని, తెరమీద సరిగ్గా అదే వచ్చేదాకా నిద్రపోరు. లేక్ లూయీస్ దగ్గర బో నది పక్కన మోరాంట్స్ కర్వ్ అని ఒక వంపుంది. కెనడియన్ పసిఫిక్ ఫోటోగ్రాఫరు నికొలస్ మోరాంట్ పేరే దానికి పెట్టారు. ఆ వంపులో 'ది కెనడియన్' తిరుగుతూ ఉండాలి. 1955లో మొదలైన బండి, స్టీలు మెరుపు పెట్టెలు. నెల జూలై, మధ్యాహ్నం ఎండ. ఇంజను నీడ ఎక్కడ పడాలో తేలడానికి ఒక చలికాలం పట్టింది. ఈ యాభయ్యేళ్ళలో దేవదారులు పెరిగిపోయి ఉంటాయని గుర్తొచ్చి, కనుమలో ఉన్న అడవినంతా ఒక వారంలో పొట్టి చేశాడు.

మనుషుల దగ్గరికొచ్చేసరికే చిక్కు. ఈ తెగకి ఇంజన్లు చెక్కడం వచ్చు, మనుషుల్ని చెక్కడం రాదు. క్రైగెలాకీలో 1885 నవంబరు 7న చివరి మేకు కొట్టిన దృశ్యం కట్టాడోసారి. ఆ ఫోటో ఇక్కడ బడిపిల్లలకి కూడా తెలుసు: తెల్లగడ్డం డొనాల్డ్ స్మిత్ సుత్తి పట్టుకుని వంగి ఉంటాడు, వెనక గుంపు. మావాడు స్లీపర్లు సరిగ్గా పేర్చాడు. స్మిత్ మొదటి దెబ్బకి మేకు వంగిపోయింది, ఇంకోటి తెచ్చి కొట్టారు. ఆ వంగిన మేకుని సైతం తయారుచేసి పట్టా పక్కన పడేశాడు. గుంపుకి మాత్రం సిమ్యులేటర్‌తో ఉచితంగా వచ్చిన ప్లాట్‌ఫాం ప్రయాణికుణ్ణి వాడాడు. ఒక్కణ్ణే, పాతికసార్లు. కాబట్టి బేస్‌మెంటు చరిత్రలో కెనడా సముద్రం నుంచి సముద్రం దాకా ఏకమైన ఆ ఘడియకి సాక్షులు, చేతిలో బ్రీఫ్‌కేసుతో ఆఫీసు బండికోసం ఎదురుచూస్తున్న పాతికమంది కవలలు. ఆయన కళ్ళు వాళ్ళని దాటిపోయి మేకు మీదే నిలుస్తాయి.

నడిపే రోజులూ ఉంటాయి లెండి. ఆ రోజు గోధుమల గూడ్సు. కెనడా ప్రభుత్వం 1972 నుంచి కొన్న గుండ్రటి హాపర్ వేగన్లు, వంద. ఫీల్డ్ కొండ దిగేటప్పుడు ఇంజను మోటార్లతో ఎంత పట్టాలి, గాలి బ్రేకు ఎంత వెయ్యాలి అనేది పెద్ద విద్య. బ్రేకు ఒకసారి వదిలేస్తే గొట్టంలోకి గాలి మళ్ళీ నిండేదాకా బండి మన మాట వినదు. సరిగ్గా అప్పుడే మెట్ల మీంచి వాళ్ళావిడ "అన్నీ చల్లారిపోతున్నాయి, రా" అని పిలిచింది. "కొండ మధ్యలో ఉన్నాను, ఎలా ఆపను?" అని అరిచాడు. ఆపడానికి కీబోర్డులో ఒక మీట ఉందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరెత్తలేదు. పాజ్ అనే మాట ఆ ఇంట్లో బూతు. ఎదురు బండికి దారివ్వడానికి సైడింగులో ముప్పావుగంట కదలకుండా కూచుంటాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. అదే మనిషి కాఫీ కొట్టు దగ్గర కార్ల వరస నాలుగు నిమిషాలు కదలకపోతే హారన్ కొడతాడు. అయిదారు గొట్టాలది కాదు, మామూలుదే.

భారతదేశపు మీటర్ గేజి మీద తిరిగిన వైడీఎం-4ఏ డీజిళ్ళు మాంట్రియల్ లోకోమోటివ్ వర్క్స్‌లో పుట్టినవని తెలిసిన రోజున ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మా బంధుత్వం బయటపడ్డట్టే. "మీరు చిన్నప్పుడు మీటర్ గేజి ఎక్కారు కదా! ఇంజను ఏ మొహం ముందుకి పెట్టుకుని నడిచేది? పొడుగు ముక్కా, పొట్టి ముక్కా?" నాకు గుర్తున్నది కిటికీ ఊచల్లోంచి అందిన వేరుశనక్కాయల పొట్లం ఒక్కటే. చెప్పాను. చాలా మర్యాదస్థుడు కాబట్టి ఏమీ అనలేదు గానీ, ఆ తర్వాత ఒక నెల నాతో రైళ్ళ సంగతి ఎత్తలేదు.

ఇంతలో ఒంటారియో నుంచి ఆ తెగవాడే ఇంకొకడు మోరాంట్స్ కర్వ్ దృశ్యం చూసి రెండే ముక్కలు రాశాడు: అంతా అద్భుతం, కాకపోతే జూలై నాటికి ఆ నంబరు ఇంజను మూతి మీది చారల వెడల్పు అది కాదు. రెండు రోజులు అన్నం సహించలేదు. చారలకి మళ్ళీ రంగు వెయ్యడం ఒక సాయంత్రం పని. కానీ అది ఓటమి ఒప్పుకోవడం కదా! అందుకని దృశ్యాన్నే జూలై నుంచి ఏప్రిల్‌కి జరిపేశాడు. ఏప్రిల్‌లో చారలు ఆయన వేసిన వెడల్పువే.

ఏప్రిల్ అన్నాక కొండలన్నిటికీ మంచు పొయ్యాలి, నదికి అంచుల్లో గడ్డకట్టించాలి, నీడలన్నీ మళ్ళీ కొలవాలి. బయట మంచి ఎండాకాలం. ఫీల్డ్ ఇక్కణ్ణుంచి కారులో మూడు గంటలు కూడా లేదు, ఒకసారి వెళ్ళొద్దామని వాళ్ళావిడ అడిగిందట. "ఇప్పుడెలా కుదురుతుంది, అక్కడ ఇంకా సగం మంచు పొయ్యాల్సి ఉంది" అన్నాడట.