పోయిన సుబేదారు, పోని సుబేదారి

హనుమకొండలో సుబేదారి ఉంది. సుబేదారు లేడు.

నిజాం పాలనలో వరంగల్ ఒక సుబా. దాని పెద్ద అధికారి సుబేదారు. ఆయన కొలువున్న చోటు సుబేదారి.

1948లో నిజాం రాజ్యం భారత్‌లో కలిసింది. తర్వాత సుబా పోయింది, సుబేదారు కుర్చీ పోయింది. పేరు మాత్రం కదల్లేదు. దాని కింద ఇప్పుడు పోలీస్ స్టేషన్ నడుస్తోంది.

జిల్లాకు ఆ భాగ్యం లేదు. 2016లో వరంగల్ అర్బన్, 2021లో హనుమకొండ. వరంగల్ రూరల్‌గా పుట్టిన పక్క జిల్లా వరంగల్ అయి కూర్చుంది.

బోర్డులు మారాయి, రబ్బరు స్టాంపులు మారాయి. ఆటో మాత్రం సుబేదారికే పోతుంది.

జనం నోటిని సవరించే జీవో ఇంకా రాలేదు.