చేతిది అభినయం, మాటది ఆజ్ఞ

నేను వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌ని. నన్ను కళ్లకు తగిలించుకుంటే నా తెరలు మరో లోకాన్ని చూపిస్తాయి. నా కెమెరాలు చేతులను, మైకు గొంతును కనిపెట్టుకుని ఉంటాయి. హైదరాబాద్‌లోని ఒక యానిమేషన్ స్టూడియోలో నా కొలువు. మౌస్, కీబోర్డు లేకుండా త్రీడీ బొమ్మలచేత నటింపజేసే పద్ధతిని అక్కడ నాతో తయారు చేస్తున్నారు.

మా వంశం పాతదే. 1968లో ఐవాన్ సదర్లాండ్ చేసిన మా పెద్దాయన పైకప్పు నుంచి వేలాడుతూ ఉండేవాడు. 1980లో అమెరికాలోని ఎంఐటీలో రిచర్డ్ బోల్ట్ ఒక ప్రయోగం చూపించాడు. పేరు ‘పుట్ దట్ దేర్’. తెర వైపు చెయ్యి చాపి ‘దాన్ని అక్కడ పెట్టు’ అంటే ఆకారం అక్కడికి చేరేది. చెయ్యి చూపకపోతే ‘అక్కడ’ అంటే ఎక్కడో తెలియదు. నోరు విప్పకపోతే ఏం చెయ్యాలో తెలియదు. నా పనికంతా మూలం అదే. 1989లో జిమ్ హెన్సన్ టీవీ కార్యక్రమంలో వాల్డో అనే కంప్యూటర్ బొమ్మను కళాకారుడు చేతి కదలికలతో అప్పటికప్పుడు ఆడించాడు.

ఇప్పుడు నా సంగతి. మా డిజైనర్ అమ్మాయి బిందె ఎత్తే అవ్వ బొమ్మను ఆడిస్తోంది. చిటికెడు ఉప్పు తీసినట్టు రెండు వేళ్లు కలిపితే అవ్వ మణికట్టు ఆమె పట్టులోకి వస్తుంది. చెయ్యి లేచినకొద్దీ బిందె లేస్తుంది. ఆ చేతిలోని చిన్న వణుకు కూడా అవ్వ వయసుగా మారిపోతుంది. అందుకే ఆ చేతికి ఇంకో పని పెట్టకూడదు. నటిస్తున్న చేత్తోనే మెనూలు తెరవమంటే నటన అక్కడే తెగిపోతుంది. ‘రికార్డ్’, ‘వెనక్కి’, ‘మళ్లీ’ లాంటివి గొంతుకు వదిలేయాలి.

గొంతుకూ హద్దుంది. మాట పూర్తయ్యాక గానీ నాకు అర్థం కాదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో అర సెకను ఆలస్యమంటే 12 ఫ్రేములు పోయినట్టే. కాబట్టి బిందె ఏ క్షణాన నేలను తాకాలో వేళ్లు విప్పి చెప్పాలి, నోటితో కాదు. ‘ఆపు’, ‘ఊపు’ లాంటి దగ్గరి ధ్వనులను ఆజ్ఞలుగా పెట్టకూడదు. గాల్లో ఎత్తిన చెయ్యి త్వరగా నొప్పెడుతుంది కనుక సైగలు నడుము ఎత్తులోనే ఉండాలి. ఒక చెయ్యి ఇంకోదానికి అడ్డొస్తే వెనక వేళ్లు నాకు కనిపించవు. అలాంటి సైగలూ వద్దు.

అన్నిటికన్నా చిక్కు సంభాషణతో వచ్చింది. మన తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే కళాకారుడే దాని మాటా పలుకుతాడు. మా అమ్మాయీ అవ్వ గొంతుతో ‘ఆగరా మనవడా’ అంటుంది. అది మనవడితో అన్నదా, నాతో అన్నదా? దీనికి మేం పెట్టుకున్న నియమం సులువైనది. ఎడమ పిడికిలి బిగించి అంటే ఆజ్ఞ, విప్పి అంటే అవ్వ మాట. బిగించగానే పిడికిలి చుట్టూ వెలుగు చూపిస్తాను, విన్న మాటను పక్కనే రాస్తాను. నేనేం విన్నానో తెలిస్తేనే ఆడించేవాళ్లకు నా మీద నమ్మకం కుదురుతుంది.

ఒళ్లంతా అభినయం ఉండి, సాఫ్ట్‌వేర్ బటన్ల దగ్గర ఆగిపోయిన నర్తకులు, రంగస్థల నటులు, బొమ్మలాటగాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు. వాళ్లు నా దగ్గరికొచ్చి మొదటి రోజే ఒక బొమ్మకు ప్రాణం పోయగలగాలి. నా సైగలూ ఆజ్ఞలూ సరిగ్గా కుదిరాయో లేదో చెప్పాల్సింది వాళ్లే.