లంక చుట్ట ఆత్మకథ

ఇది ఒక లంక చుట్ట తన జీవితాన్ని తానే చెప్పుకొన్న వృత్తాంతం. శాస్త్రగ్రంథాల మర్యాదను పాటించి, ఆ చుట్ట ఇందులో తనను 'ఈ చుట్ట' అనే పేర్కొంటుంది. దీని పుట్టుక గోదావరి లంకల్లో, గిట్టడం తిరుపతి కొండ కింద. ఈ రెంటి నడుమ దీని రుచి, గుణం, ఖ్యాతి ఎలా ఏర్పడి ఎలా చెదిరిపోయాయో చెప్పడమే ఈ రచన ఉద్దేశం.

నదీపాయల మధ్య ఇసుక, ఒండ్రు మేటవేసి ఏర్పడిన దీవులను లంకలంటారు. వానకాలంలో వరద ఆ నేలను ముంచి, తీసేటప్పుడు కొత్త ఒండ్రును పరచి పోతుంది; నీరు తీశాక శీతకాలంలో అక్కడ పొగాకు పెరుగుతుంది. నేలలో క్లోరైడ్ లవణాలు ఎక్కువైతే ఆకు సరిగా కాలక మాటిమాటికీ ఆరిపోతుంది కాబట్టి, నిప్పు నిలిచే చుట్టకు మంచి ఒండ్రునేల తొలి అవసరమైంది.

నేల తరువాత రుచిని నిర్ణయించేది ఆకును ఆరబెట్టే తీరు. సిగరెట్లకు వాడే వర్జీనియా ఆకును బ్యారన్ అనే మూసిన గదిలో, గొట్టాల ద్వారా పంపిన వేడితో కొద్ది రోజుల్లోనే ఎండబెడతారు. ఆ వేగం వల్ల ఆకులోని చక్కెర అందులోనే నిలిచిపోయి, పొగకు తీపిని, కొద్దిపాటి పులుపు గుణాన్ని ఇస్తుంది. లంకాకును మాత్రం నీడపట్టున గాలికి వేలాడదీస్తారు. కోసిన తరువాత కూడా కొన్నాళ్ళు ప్రాణంతో ఉండే ఆకు తనలోని చక్కెరను తానే ఖర్చు చేసుకొని, పసుపు దాటి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆపైన దానిని పోగులుగా వేసి మగ్గబెడతారు, అంటే తేమతో, లోపల పుట్టే వేడితో ఆకు తనంత తాను పరిపక్వమయ్యేటట్టు చూస్తూ, వేడి మితిమీరకుండా పోగును తిరగవేస్తుంటారు; పచ్చి వాసన పోయి మగ్గిన వాసన వచ్చేది ఈ దశలోనే. చక్కెర దాదాపు లేని ఈ ఆకు పొగకు క్షారగుణం ఉంటుంది కాబట్టి, గుండెల నిండా పీల్చకపోయినా దాని నికోటిన్ నోటి పొరల గుండానే ఒంటికి పడుతుంది. ఈ చుట్టకు తీపి లేకపోవడానికీ, ఘాటు పుష్కలంగా ఉండడానికీ, తాగేవారు పొగను నోటనే నిలిపి వదలడానికీ కారణం ఇదే.

ఈ గుణం సముద్రాలు దాటి పేరు తెచ్చుకొంది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, మద్రాసు రాజధానిలో ఆదరణ పొందిన ఘాటైన చుట్టగా లంకను నమోదు చేసింది. 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్, పొగాకు బూడిదలను బట్టి నేరస్థుని జాడ తీసే తన విద్యను వివరిస్తూ, భారతదేశపు లంక చుట్టను ఉదాహరణగా పేర్కొన్నాడు.

ఇక తిరుపతి సంగతి. తిరుపతి ఉన్న చిత్తూరు సీమ వేరుసెనగకు, చెరకుకు, మామిడికి పేరుపడిందేగాని పొగాకుకు కాదు. 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మీద రైళ్ళు నడవడం మొదలయ్యాక, గోదావరి యాత్రికులకు గూడూరు, రేణిగుంటల మీదుగా తిరుపతికి రైలుదారి ఏర్పడింది. వారి రొండిన దోపుకొన్న చుట్టలకూ అదే దారి. అయితే తిరుమల కొండ మీద పొగాకు నిషిద్ధం కనుక, నేడు అలిపిరి తనిఖీ కేంద్రమే దీనికి పొలిమేర. చిత్తూరును ఆనుకొన్న తమిళసీమలోనైతే మునీశ్వరుడు, కరుప్పస్వామి వంటి గ్రామదేవతలకు చుట్టను నైవేద్యంగా పెట్టే ఆచారం ఉంది. కొండమీది దేవుడి ముంగిట చోటు లేని వస్తువే ఊరి పొలిమేర దేవుడికి ప్రీతిపాత్రం కావడాన్ని ఈ చుట్ట ఫిర్యాదుగా కాక, తన సామాజిక స్థానానికి సరైన కొలతగానే భావిస్తుంది.

ఇక ఈ చుట్ట ఖ్యాతి చెదిరిన సంగతి. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడి, 1920 దశకంలో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా సాగు బలపడడంతో, రైతు చూపూ పొగతాగేవారి మోజూ సిగరెట్టు వైపు మళ్ళాయి. నిప్పు కొసను నోట్లో ఉంచుకొని తాగే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తున్నదని వైద్య పరిశోధనలు తేల్చాక, చుట్టకు ఉన్న కాస్త గౌరవమూ తగ్గింది.

పోలికకు వేరొక పొగాకును చూద్దాం. లండన్ మూలాలున్న డన్‌హిల్ పైపు పొగాకు మిశ్రమాల తయారీ 2018లో ఆగినప్పుడు, కలపాల్సిన పాళ్ళు కాగితం మీద ఉన్నందున, మరుసటి ఏడాదికే అవి పీటర్సన్ అనే మరో వ్యాపారనామంతో మళ్ళీ వచ్చాయి. ఈ చుట్టకు అలాంటి కాగితం గాని, ముద్ర గాని, యజమాని గాని లేవు. వరద, నీడ, పోగు తిరగవేసే చేయి కలిస్తేనే దీని రుచి పుట్టింది. అందుకే 'లంక' అన్న ఆ పాత వ్యాపారనామం ఏ తేదీన అంతరించిందో చెప్పే ప్రకటన ఏదీ వెలువడలేదు. తాను చేసిన హాని తెలిసినది కాబట్టి ఈ చుట్ట మళ్ళీ అంగడికెక్కాలని కోరదు. గోదావరి ఒండ్రు ఒకనాడు ఎలాంటి రుచిని పండించిందో తెలుగులో నమోదై ఉండాలని మాత్రమే కోరుతుంది.