గాబ్లిన్‌కి జీతమెంత?

కొత్త ఆటలకు సమీక్షలు రాసేవాళ్లు సాధారణంగా నక్షత్రాలు ఇస్తారు. నేను కొవ్వొత్తులిస్తాను. అండమాన్‌లోని మా చౌల్దారీలో ఆట మంచి పట్టుమీద ఉండగానే కరెంటు పోవడం ఆనవాయితీ. అప్పుడు ఆడేవాళ్లు "హమ్మయ్య" అనుకుని లేచిపోతే ఆ ఆటకు సున్నా. ఎవరో ఒకరు అగ్గిపెట్టె కోసం తడుముకుంటే ఒక కొవ్వొత్తి. వెలిగించాక ఆట సాగితే రెండు. వెలిగించేలోపు చీకట్లో ముక్కలు మార్చేశావని ఒకరి మీద ఒకరు పడితే మూడు. అంతకుమించి మార్కు లేదు.

ఆడుకోవడానికి మాకు పొద్దుకి లోటు లేదు. గడియారం మెయిన్‌ల్యాండుది, సూర్యుడు మాత్రం మావాడు. నవంబరులో సాయంత్రం ఐదింటికే దీపాలు పెట్టుకుంటాం. మేలో పట్టుకున్న వాన డిసెంబరు దాకా ఏదో ఒక వంకన వస్తూనే ఉంటుంది. కొరత అల్లా ఆటలకే. హైదరాబాదులో బోర్డు గేముల కొట్టు పెట్టిన మా మేనల్లుడు, ఇటు వచ్చే చుట్టాల సామానులో ఒక్కో పెట్టె ఇరికించి పంపుతుంటాడు. ఒకసారి గ్లూమ్‌హేవెన్ పంపాడు. ఆ పెట్టె బరువు పదికిలోలకు కాస్త అటూ ఇటూ. దాన్ని మోసుకొచ్చినాయన తన ఆవకాయ జాడీ విశాఖలోనే వదిలేసుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు.

ఆట ఎంత గొప్పదైనా ముందు మా తేమను తట్టుకోవాలి. ఈ సంగతి ఏ విదేశీ సమీక్షకుడూ రాయడు. జూలైలో పేకముక్కలు ఉబ్బి, పంచుతుంటే రెండేసి మూడేసి కలిసొస్తాయి. అట్టబిళ్లల అంచులు పొరలు పొరలుగా విచ్చుకుంటాయి. అందుకే కొత్త పెట్టె రాగానే ముక్కలన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులు వేసి, మూటగట్టి బియ్యం డబ్బాలో దాస్తాను. అన్నంలో ఒకసారి చిన్న చెక్క గొర్రె కలిసిపోయింది. ఇంట్లో దాన్ని నేనే తిన్నాననుకున్నారు, వెతకడం మానేశారు.

నా న్యాయనిర్ణేతల సంఘానికి అధ్యక్షురాలు మా పెద్దమ్మ. సిక్కోలు పక్క నుంచి వచ్చిన మనిషి. ఆమె దృష్టిలో ఆట అంటే అష్టా చెమ్మా. చింతపిక్కల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లగా అరగదీసి, అరచేతిలో గలగలమనిపించి వేస్తే ఆమె అడిగిన పందెమే పడుతుంది. ఎలా పడుతుందో ఈ ఇంట్లో ఎవరూ అడగరు. మిగతా సభ్యులు పక్కింటి బెంగాలీ మాష్టారు, మా అమ్మాయి. మాటలు ఎవరి భాషలో వాళ్లవి. తగాదా మాత్రం హిందీలో.

కటాన్ అనే ఆట మా ఇంట్లో ఆ తగాదాల వల్లే నిలబడింది. క్లాస్ టోయ్‌బర్ అనే జర్మన్ ఆయన, పళ్ల సెట్లు చేసే ల్యాబు నడుపుకుంటూ 1995లో దీన్ని తెచ్చాడు. దీవిలో దిగి, కర్ర, ఇటుక, ఉన్ని, ధాన్యం, ఖనిజం కూడబెట్టి, రోడ్లేసి, ఇళ్లు కట్టి, ముందు పది పాయింట్లు తెచ్చుకున్నవాడు నెగ్గినట్టు. ఆ దీవిలో మనం దిగేసరికి నరమానవుడుండడు. అంత ఖాళీ దీవి ఆటలోనే దొరుకుతుంది. 1858లో ఇక్కడ ఖైదీల్ని దింపిన బ్రిటిషువాళ్లకి, మరుసటి ఏడాదే అబర్డీన్ దగ్గర విల్లంబులతో ఎదురొచ్చినవాళ్లున్నారు. వాళ్లకి టోయ్‌బర్ ఒక్క ముక్కయినా ఇవ్వలేదు.

ఆటంతా బేరంలో ఉంది. మాష్టారు ఒక ఉన్ని ముక్క ముందుకు తోసి ఇటుక అడిగారు. పెద్దమ్మ తన ముక్కల్ని గుండెకి హత్తుకుంది.

"ఇటికా? ఓడలో వచ్చిన ఇటిక గొర్రిబొచ్చుకి ఇచ్చీమంటారేటి?"

దీవుల్లో ఇల్లు కట్టినవాళ్లకే తెలుస్తుంది ఆ గొంతులోని బాధ. బేరం కుదరకపోతే బ్యాంకు ఉంది. ఒకే రకం నాలుగు తీసుకుని, కావలసింది ఒకటిస్తుంది. ఈ లెక్క అన్యాయమని బయటి ఊళ్లవాళ్లు ఏడుస్తారట. మాష్టారు మాత్రం, "మెయిన్‌ల్యాండ్ సరుకు రేటు కరెక్టుగా వేశాడు" అని టోయ్‌బర్‌ని మెచ్చుకున్నారు. పాచికల్లో ఏడు పడితే దొంగ కదులుతాడు. 36 పందేల్లో 6 సార్లు పడే అంకె అది. పడ్డ ప్రతిసారీ మా అమ్మాయి దొంగని పెద్దమ్మ ఇటుకబట్టీ మీదే కూర్చోబెట్టింది. కరెంటు పోయింది. వెలుతురు వచ్చేసరికి దొంగ లేడు, బల్ల మీద ఎక్కడా లేడు. మూడు కొవ్వొత్తులు.

టికెట్ టు రైడ్ 2004 నాటిది, రైలు మార్గాలు వేసే ఆట. మా దీవుల్లో రైలే లేదు. పుట్టి బుద్ధెరిగాక రైలెక్కని మా అమ్మాయి అందరినీ చిత్తుగా ఓడించింది. రెండు.

పాండెమిక్‌లో ఆడేవాళ్లందరూ ఒకే జట్టు, రోగాలది అవతలి జట్టు. ప్రపంచ పటంలో 48 ఊళ్లున్నాయి, చెన్నై, కోల్‌కతా కూడా. చెన్నై నుంచి బ్యాంకాక్‌కి గీసిన గీత ఇంచుమించు మా నెత్తిమీదుగానే పోతుంది, ఆగదు. పెద్దమ్మ అభ్యంతరం వేరు. "అందరం ఒక పక్కేనా? మరెవుల్తో ఆడతన్నట్టు?" కరెంటు పోగానే లేచి ఎసట్లో బియ్యం పోసింది. మంచి ఆటే, కానీ మా సంఘం సున్నా అంటే సున్నాయే.

ఇక డన్జన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ మొదలుపెట్టారు. బోర్డు అక్కర్లేదు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు పాత్రలై అందులో దూరతారు, సందేహమొస్తే ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. బుర్రకథలో వంతలకి కథ దారి మళ్లించే హక్కు కూడా ఇస్తే ఇదే అవుతుంది. 2014 కూర్పులో ఆటగాళ్ల పుస్తకమే మూడువందల పైచిలుకు పేజీలు. కథ మా అమ్మాయి చెప్పింది. మాష్టారు కత్తివీరుడు. పెద్దమ్మ మంత్రగత్తె కానంది, యోధురాలు కానంది, చివరికి పూటకూళ్లమ్మగా కుదిరింది.

డ్రాగను గుహ వాకిట్లో కాపలా గాబ్లిన్ ఎదురైంది. మాష్టారు కత్తి దూశారు.

"ఆగండి మాస్టారూ," అంది పెద్దమ్మ. "ఏ ఊరు బాబూ మీది?"

అమ్మాయి తడబడింది. "గాబ్లిన్‌కి ఊరుండదు మామ్మా."

"ఊరు లేనోడుంటాడేటి? పోనీ, ఆ డ్రాగను జీతమెంతిస్తన్నాడు?"

అమ్మాయి రాక్షసుల పుస్తకం తిరగేసింది. కవచం పదిహేను, ప్రాణం ఏడు. జీతం లేదు.

"లేదా? ఒట్టి చాకిరీయేనా?" పెద్దమ్మ ముఖంలో నిజంగానే కోపం వచ్చింది. "అడుగు, ఎన్నాళ్ల బాకీయో!"

దారి తోచక అమ్మాయి పాచిక పెద్దమ్మ చేతిలో పెట్టింది. ఆమె దాన్ని చింతపిక్కల మాదిరిగానే గలగలలాడించి వేసింది. ఇరవై. గాబ్లిన్ బావురుమని తాళాలగుత్తి ఇచ్చేసింది. మాష్టారు దూసిన కత్తి దూసినట్టే ఉంది. తనకి యుద్ధం రాలేదని హిందీలో మొదలుపెట్టి బెంగాలీలో ముగించారు. ఈలోగా కరెంటు పోవడమూ రావడమూ రెండూ అయ్యాయట, పక్కవాళ్లు చెబితే తెలిసింది. నా మార్కుల పద్ధతిలో దీనికి గడి లేదు.

వచ్చే ఆదివారం గాబ్లిన్‌కి సంబంధం చూడాలని పెద్దమ్మ తీర్మానించింది. పెళ్లిచూపులకి ఏ పాచిక వెయ్యాలో కనుక్కోమని మేనల్లుడికి ఫోన్ చేశాను.